ఆరు గ్రాములు

కుర్రాడి పేరు చెప్పను. చెబితే సావుకారు పేరు కూడా బయటపడుతుంది. ధర్మవరం నేతగాళ్ల బిడ్డ. అనంతపురంలో మెకానికల్ చదివి, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు అందించే ఒక కంపెనీలో షిఫ్టుల్లో పని చేస్తున్నాడు. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ గేటు దాటాక ఆ చుట్టుపక్కల మేడలు లేచాయి, మేడల మీద రేకుల గదులు లేచాయి. అలాంటి ఒక గదిలో వీడి కాపురం. ఉన్న ఒక్క మంచం మీద విమానం పడుకుంటుంది, వీడు చాప మీద పడుకుంటాడు.

రిమోట్‌తో ఎగరేసే విమానాల్లో తీరికగా గాల్లో తిరిగేవి ఉన్నాయి, పల్టీలు కొట్టేవి ఉన్నాయి. వీడికి పట్టింది పైలాన్ రేసు పిచ్చి. మైదానంలో త్రికోణంగా మూడు గడలు పాతి, వాటి చుట్టూ పది చుట్లు తిప్పాలి. అంతర్జాతీయ పోటీల్లో చుట్టుకు నాలుగు వందల మీటర్లు, మొత్తం నాలుగు కిలోమీటర్లు. చేయి తిరిగినవాళ్లు దాన్ని నిమిషంలోపే ముగిస్తారు. మలుపులన్నీ ఎడమకే. గడకు లోపలి నుంచి అడ్డంగా కోశావా, తప్పు రాస్తారు. అమెరికాలో రీనో దగ్గర 1964 నుంచి 2023 దాకా మనుషులు కూర్చున్న నిజం విమానాలే ఇట్లా గడల చుట్టూ పందెం తిరిగేవి. ఎర్రమంచిలో గడలంటే మూడు వెదురు బొంగులు, జడ్జీలంటే వీడి రూమ్మేట్లు, ప్రేక్షకులంటే గొర్రెలు, వాటి వెంట వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు.

పందెం మాత్రం ఉత్తుత్తిది కాదు. బెంగళూరు నుంచి కాలేజీ స్నేహితులు ఇద్దరు తమ విమానాలతో ఒక ఆదివారం వస్తామన్నారు. అందులో ఒకడే వీడికి పాత ఇంజన్ ఇచ్చాడు. ఆరున్నర సీసీది, మిథనాల్‌లో ఆముదం కలిపి పోస్తే నడుస్తుంది. అది తిరిగినంతసేపూ వీధంతా ఆముదం కాలిన కమురు వాసన. ఇంటి ఓనరమ్మ ఎవరికో పురిటి మందు కాస్తున్నారనుకుందట.

రెక్కలు వీడే చేసుకున్నాడు. థర్మోకోల్ దిమ్మెను వేడి తీగతో కోసి, పైన పలచటి బాల్సా చెక్క అతికించాడు. కొసనుంచి కొసకు నూట ఇరవై ఏడు సెంటీమీటర్లు, వెడల్పు పాతిక. అంత వెడల్పు రెక్కకు ముందు అంచు నుంచి ఆరున్నర, ఏడు సెంటీమీటర్ల దగ్గర కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం ముక్కు వాలకుండా, తోక వాలకుండా నిలవాలి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయాలి. ట్యాంకు ఉండేది ముందు వైపు కాబట్టి పందెం సాగేకొద్దీ ముక్కు తేలికై బరువు వెనక్కి జరుగుతుంది. నిండు ట్యాంకుతో సరిచూసుకుని మురిసిపోయినవాడు ఎనిమిదో చుట్టులో ఏడుస్తాడు. వీడు రిసీవర్ బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి, ఒక్క గ్రాము అదనంగా పెట్టకుండానే ఆ పని ముగించాడు.

మిగిలింది కుడి ఎడమల సంగతి. గడ దగ్గర విమానం రెక్క మీద నిలబడినట్టు తిరుగుతుంది. ఆ మలుపులో దాని మీద పడే ఒత్తిడి సొంత బరువుకు ఇరవై ముప్పై రెట్లు. రెక్క కొసన మూడు గ్రాములు ఎక్కువుంటే అక్కడ తొంభై గ్రాములు వేలాడదీసినట్టే. అందుకని రెండు రెక్కలూ జోడించక ముందే విడివిడిగా తూచాలి. గదిలో గ్రాముల కాటా లేదు. ధర్మవరంలో సావుకారు దగ్గర ఉంది.

వీడి నాయన పాతికేళ్లుగా ఆ సావుకారు దగ్గరే కూలి మగ్గం నేస్తున్నాడు. పట్టు, జరీ ఆయన తూచి ఇస్తాడు, చీర తెచ్చాక మళ్లీ తూచి పుచ్చుకుంటాడు. తగ్గితే తరుగు, తరుగుకు కూలిలో కోత. ఆ శనివారం చీర అప్పజెప్పడానికి నాయన పోతుంటే, వీడు రెక్కలు రెండూ పాత లుంగీలో చుట్టుకుని స్కూటర్ వెనక కూర్చున్నాడు.

"రారా అల్లుడూ, ఇదేనా నీ ఏరోప్లేను?" అన్నాడు సావుకారు. మనిషి కలుపుగోలు. కాఫీ తెప్పించాడు. ఎడమ రెక్కను ముందర గద్దె మీదున్న కాటా మీద తనే పెట్టించాడు. 182 గ్రాములు. అంతలో ఎవరో పట్టుకోసం వచ్చారు, ఆ కాటా ఖాళీ లేదు. గుమాస్తా కుడి రెక్కను లోపలి గదిలో చీరలు పుచ్చుకునే కాటా మీద పెట్టాడు. 176.

"ఆరు గ్రాములు తేడా ఉంది మామా."

"నీది ఆరు. మీ నాయనది ఇరవై," అని నవ్వి, సావుకారు పుస్తకం తిప్పాడు. "730 ఇచ్చినా, 700 వచ్చింది. మగ్గం మీద పోయేది పది వదిలేస్తా. గ్రాముకు ఆరు లెక్కన నూట ఇరవై." నాయన సంతకం పెట్టాడు.

ఇంట్లో అమ్మ ఊరుకోలేదు. ఎప్పుడూ ఊరుకోదు. "అంత తూకంగా ఇచ్చిన పట్టు ఈయప్ప చేతిలో పడితేనే కరిగిపోతాది. దారం అమ్ముకుని యాడ తాగినాడో అడుగు." నాయన తాగేది ఎప్పుడో ఏడాదికొకసారి, అదీ పెళ్లిళ్లలో ఎవరైనా పోయిస్తే. కదిరి నరసింహస్వామి మీద ఒట్టేసినా అమ్మ నమ్మలేదు. సావుకారు తూకం తప్పుతుందంటే మాత్రం, దేవుడు దిగొచ్చి చెప్పినా ఆమె ఒప్పుకోదు.

కుర్రాడు తన లెక్క తాను వేసుకున్నాడు. రెక్క బరువంతా రెక్క నడుమ ఉన్నట్టు లెక్క, కొసన పెట్టేది అందులో సగం చాలు. టైరు షాపులో చక్రాలకు అంటించే సీసపు బిళ్ళ కొని, మూడు గ్రాములకు తగ్గట్టు కత్తిరించి, కుడి కొసలో గుంట చేసి దాచి, పైన చెక్క అతికించి నున్నగా రుద్దేశాడు. చేయి పెట్టి తడిమినా తెలియదు.

విమానమంతా బిగించి, మళ్లీ శనివారం ఇంటికి తెచ్చాడు. ముక్కుకో దారం, తోకకో దారం కట్టి వేలాడదీస్తే రెండు రెక్కలూ సమంగా నిలవాలి. నాయన మగ్గం గుంతలోంచి లేచొచ్చి, పట్టు పోగులు నాలుగు తీసి తొడమీద పురి పెట్టి ఇచ్చాడు. మగ్గం పైదూలానికి వేలాడదీశారు. కుడి రెక్క నింపాదిగా కిందికి దిగింది.

మొదట ఇంజన్‌ను తిట్టుకున్నాడు. దాని సిలిండరు కుడి పక్కకు పొడుచుకుని ఉంటుంది, సైలెన్సరూ అటే. ఇంజన్ ఊడదీసి, ముక్కు నడుమ చిన్న కొక్కెం దిగ్గొట్టి మళ్లీ వేలాడదీశాడు. ఈసారి కాస్త తక్కువగా, అయినా కుడికే. నాయన దారం పురి చూసి, ముడి చూసి, "దారంలో తప్పులేదు. నీ సీసం తీసి చూడు," అన్నాడు.

అంత నున్నగా రుద్దిన కొసను బ్లేడుతో కోయడానికి వాడి ప్రాణం ఒప్పలేదు. కోశాడు. సీసం ఊడి రాగానే రెండు రెక్కలూ గీత గీసినట్టు నిలిచాయి. అంటే రెండూ మొదటి నుంచీ ఒకే బరువు. మరి ఆరు గ్రాములు ఎక్కడివి?

పది రూపాయల బిళ్ళ బరువు 7.71 గ్రాములు. టంకశాల తూకం. రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెల్లుతాయని చెప్పినా మన వైపు అంగళ్లలో వాటిని తీసుకోవడానికి మూతి ముడుచుకుంటారు. టీకొట్టాయన దగ్గర డబ్బా నిండా పడి ఉన్నాయి. ఇరవై కొనుక్కున్నాడు. 154 గ్రాములు, పైన ఇంకో పిసరు. "విమానం ముక్కులో పెట్టేదానికి మామా," అని సావుకారు అంగట్లో రెండు కాటాల మీదా పెట్టాడు. సావుకారు ఫోనులో ఉన్నాడు. లోపల చీరలు పుచ్చుకునే కాటా 154 చూపించింది. గద్దె మీద, పట్టు తూచి ఇచ్చే కాటా 159.

గేటు దాటక ముందే లెక్క తేలిపోయింది. 730 అని ఇచ్చిన పట్టు నిజానికి 707. అందులోంచి 700 గ్రాముల చీర నేసి తెచ్చినవాడు మగ్గం మీద పోగొట్టింది ఏడు గ్రాములు. సావుకారు వదిలేస్తానన్న పదిలో ఇంకా మూడు మిగిలాయి. పాతికేళ్లు, వారం వారం సంతకాలు!

ఇంటికి పరుగెత్తుకొచ్చి నాణేలు మగ్గం మీద పోసి, ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాడు. తూనికలు కొలతల వాళ్లకు రాద్దామన్నాడు. వీధి వీధంతా పోగేద్దామన్నాడు. ముందు అమ్మను పిలుస్తానని లేచాడు.

నాయన వాడి చెయ్యి పట్టి కూలేశాడు.

"కూసో. ఆ కాటా సంగతి నాకు నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు. మీ అమ్మ దగ్గర మాత్రం నోరు జారొద్దు. ఆమెకుండే తోడబుట్టినోడు ఆయనొక్కడే."

ఆ వారం చీరకూ ఇరవై గ్రాముల తరుగు పడింది. దారం అమ్ముకుని తాగినాడని అమ్మ మళ్లీ తిట్టింది.