చిరంజీవి జీపు

విజయవాడలో ఇంద్రకీలాద్రి, గుణదల కొండ, మొగల్రాజపురం గుట్టలు దాటామంటే, అక్కడి నుంచి బందరు సముద్రం దాకా బండి ఎక్కాల్సిన ఎత్తంటూ ఉంటే అది ఫ్లైఓవరే. ఆ తర్వాత కాలువ గట్టు. ఇంత చదునైన డెల్టాలో నాలుగు చక్రాలూ లాగే బండి ఎందుకయ్యా అని అడిగితే మాబోటి వాళ్లకు చర్రున కోపమొస్తుంది. నల్లరేగడి చూశారా మీరు? తొలకరి పడ్డాక పుంతలో దిగారా? వానలో కైకలూరు వైపు చేపల చెరువు గట్టు మీద మేత బస్తాలు తోలారా? మేమూ తోలలేదనుకోండి. తోలేవాళ్ల దగ్గర ట్రాక్టరుంది. మా దగ్గరున్నది జీపు.

మాది మహీంద్రా ఎమ్మెమ్ 540, 1994 మోడలు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుల్ని మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు చూడండి, ఆ వంశాంకురం. కడుపులో ప్యూజో డీజిల్ ఇంజను. ముందు సర్కారు కొలువులో కాలువ గట్లన్నీ తిరిగి, అరగాల్సినవన్నీ అరిగాక వేలానికొచ్చింది. నెంబరు ప్లేటు మీద ఏపీ 16. రాష్ట్రమంతా ఏపీ 39 అయిపోయిన 2019 తర్వాత కృష్ణా జిల్లా వాళ్లకు ఈ పదహారంటే ఇంటిపేరంత అభిమానం. ఆ అభిమానానికి నెలనెలా బిల్లు వస్తుంటుంది.

ఇక ఆ బిల్లులు పుట్టే ఆటోనగర్. 1966 నుంచీ ఉన్న పేట. ఆసియాలోనే పెద్దదని చెప్పుకుంటాం, కాదన్నవాడిని బెంజి సర్కిల్ దాటనివ్వం. చాసిస్ ఒక్కటి తెచ్చి పడేస్తే లారీ కట్టి ఇస్తారు. క్రాంకు గ్రైండింగ్‌కి ఒక వీధి, కమాను కట్టలకు ఇంకో సందు, రేడియేటర్లకు మరోటి. ఇంకెక్కడైనా మెకానిక్కుకి పని రాదని ఏడుస్తారు. నా ఏడుపు అది కాదు. వీళ్లకు మరీ ఎక్కువ వచ్చు. వేరే ఊళ్లో ఎవడో ఒకడు పెదవి విరిచి, ‘ఇక లాభం లేదండీ, అమ్మేసుకోండి’ అని పుణ్యం కట్టుకుంటాడు. ఆటోనగర్‌లో ఆ మాట ఎవరి నోటా రాదు. విరిగితే అతికిస్తారు, అతక్కపోతే లేత్ మీద పోతపోసినట్టు దించుతారు, అదీ కాదంటే ఇంకో బండిది తెచ్చి పెడతారు. ఏ బండీ చావదక్కడ. బతికించినందుకు ఓనరు చస్తాడు.

మా షెడ్డు మేస్త్రీ బానెట్ ఎత్తడు. ముందు వింటాడు. బీడీ చెవి మీద దోపుకుని, కుర్రాణ్ణి క్లచ్ తొక్కమని, వదలమని, మళ్లీ తొక్కమని, కళ్లు మూసుకుంటాడు. అప్పుడు తీర్పు. ‘క్లచ్ బేరింగ్ అరుస్తోందండీ.’ ఎంతవుతుంది? ‘బేరింగ్‌దేముందండీ, పిసరంత. దించితేగానీ చెప్పలేం.’

ఆ పిసరంత దాన్ని చేరాలంటే ముందు వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ విప్పాలి. ట్రాన్స్‌ఫర్ కేసు దిగాలి. గేరు బాక్సు దిగాలి. కుర్రాడు బండి కిందికి దూరాక బయటికి కనిపించేది వాడి అరికాళ్లే. మధ్యమధ్య ఒక చెయ్యి వచ్చి ‘పన్నెండు పదమూడు’ అని పానా అడిగి లోపలికి పోతుంది. కోసిన ఆయిల్ డబ్బాలో డీజిలు పోసి, అందులో నట్లూ బోల్టులూ వేసి నానబెడతాడు. సాయంత్రానికి జీపు సగం నేల మీద, సగం జాకీ మీద. అప్పుడు మొదలవుతుంది అసలు రామాయణం.

‘ఎలాగూ దించాం కదా సార్, ప్లేటు కూడా మార్చేద్దాం.’ సరే. ‘ఎలాగూ ప్లేటు మారుస్తున్నాం కదా, ఫ్లైవీలు లేత్‌కి పంపి నున్నచేయిద్దాం.’ కానివ్వండి. ‘ఎలాగూ లేత్‌కి పోతున్నాం కదా, బ్రేకు డ్రమ్ములు కూడా పట్టుకెళ్దాం.’ బ్రేకు డ్రమ్ములకూ క్లచ్ బేరింగుకూ ఏం చుట్టరికమని అడిగే ధైర్యం నాకు లేదు. ఆ పాటికి నా బండి చక్రాలు నాలుగూ గోడకు ఆనించి ఉన్నాయి.

షెడ్డులో జీపంటే ఆషాఢంలో పుట్టింటికెళ్లిన కొత్తకోడలే. ఎప్పుడు పంపుతారని పదేపదే అడగడం మర్యాద కాదు. అడిగితే ‘రేపు సాయంత్రం’ అంటారు. ఏ రేపో చెప్పరు.

తర్వాత సామాను. ‘ఒరిజినల్ రావట్లేదండీ, లోకల్ ఉంది, ఢిల్లీ మాలుంది, పాతది కావాలంటే తుక్కు కొట్లో చూద్దాం’ అని మూడు దారులు చూపిస్తాడు. ఏ దారిన పోయినా ముందు డబ్బు కట్టేది నేనే. ఇలా ఏళ్ల తరబడి వైద్యం జరిగాక ఇవాళ మా జీపులో రేడియేటరు ఒకరిది, ఆల్టర్నేటరు ఇంకొకరిది, సీట్లు ఏదో బొలేరోవి, స్టీరింగు ఎవరిదో దేవుడికి తెలియాలి. ఆర్సీలో ఉన్న బండికీ మా వీధిలో ఉన్న బండికీ మిగిలిన బంధుత్వం చాసిస్ నంబరొక్కటే.

మేస్త్రీ ఆయుష్షు పోస్తుంటే సర్కారు ఆయుష్షు లెక్క కడుతోంది. సొంత బండికి తొలి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు, ఆపైన అయిదేసి ఏళ్లకు పొడిగింపు. 2021లో తుక్కు విధానం వచ్చింది. అంతకుముందు ఆరువందలున్న కారు పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. తన సొంత బండ్ల విషయంలో మాత్రం సర్కారు తెలివైంది. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ నుంచి పొడిగింపే లేదు, తుక్కుకే. వాళ్లు వదిలించుకున్నారు. వాళ్ల దగ్గర వేలంలో కొన్నవాడు పొడిగించుకుంటున్నాడు. ఒకాయన చావనివ్వడు, ఒకాయన బతకనివ్వడు, ఇద్దరికీ రశీదు నా పేరు మీదే.

పోనీ ఆ నాలుగు చక్రాల సుఖమైనా దక్కిందా? ఆ ఫోర్‌వీల్ లివరు పొడి తారు రోడ్డు మీద వెయ్యకూడదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ సమానంగా తిరగవు, ఆ తేడా అంతా షాఫ్టులు, గేర్ల మీద పడుతుంది. అలాగని వెయ్యకుండా వదిలేస్తే బిగుసుకుపోతుంది. నెలకోసారి మట్టిలో దించి వేసి తియ్యాలట. విజయవాడలో సిమెంటు వెయ్యని నేల కోసం పెట్రోలు బంకు దాటి ఎంత దూరం పోవాలో ఆ సలహా ఇచ్చినవాళ్లు చెప్పరు.

2024 సెప్టెంబరు ఒకటిన మా జీపుకు జన్మ సార్థకమయ్యే ఘడియ వచ్చింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి రికార్డుకెక్కింది. మా బావమరిది మేడ మీద నుంచి ఫోను. ‘బావా, నీ జీపు నాలుగు చక్రాలూ లాగుతుందంటావుగా, తీసుకురా.’ ఇంట్లో అందరూ నా వంక చూశారు, ఇన్నేళ్ల బిల్లులకు జవాబు దొరికినట్టే. లివరు పట్టుకుని లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. లివరు మీది నల్ల బంతి ఊడి చేతికొచ్చింది. బావమరిదిని ఆ సాయంత్రం ఎవరిదో ట్రాక్టరు దించింది. ఆ ట్రాక్టరుకు లాగేవి వెనక రెండు చక్రాలే.

నీళ్లు తీశాక ఊరి షెడ్లన్నీ కొత్త కార్లతో నిండాయి. సీట్లలో బురద, లోపలి కంప్యూటరు పెట్టెల్లో బుడమేరు. బీమా సర్వేయరు వచ్చి ఫొటోలు తీసి, బాగుచేసే ఖర్చు బండి విలువను మించిందని రాసేసరికి ఎందరో చెక్కు పుచ్చుకుని కొత్త కారు బుక్ చేసుకున్నారు. మాది వాకిట్లో పొడిగా ఉంది. ఉన్నది థర్డ్ పార్టీ బీమా. ‘మీ బండికి ఆ కంప్యూటర్ల గోల లేదు సార్, మునిగినా ఏం కాదు’ అని మేస్త్రీ అభినందించాడు. ఆ మాటలో ఓదార్పు ఎంతుందో, ఆ చెక్కులు అందుకున్నవాళ్లను చూశాక నాకు అర్థమైంది.

మొన్న ఉయ్యూరు వైపు నుంచి ఒక కుర్రాడొచ్చాడు, పెళ్లి ఫొటోషూట్లకు అద్దెకిస్తాడట. ఫోర్‌వీల్ పనిచేయదని ఉన్నదున్నట్టు చెప్పాను. ‘పర్లేదండీ, పొలం గట్టు మీద ఆగి ఉంటే చాలు’ అన్నాడు. ఇంత సరైన అల్లుడు మళ్లీ దొరకడు. బేరం కుదిరేలోగా ఒక్కసారి చూపించుకుంటానని మా షెడ్డుకే పట్టుకుపోయాడు. మేస్త్రీ జీపును చూశాడు, కుర్రాణ్ణి చూశాడు, నన్ను పక్కకు పిలిచాడు. ‘అమ్మకండి సార్. ఇప్పుడే ఒక దారిలో పడింది. పోయిన వారం చెప్పారుగా లివరు సంగతి, దాని సామాను దొరికింది. అడ్వాన్సు కూడా ఇచ్చేశాను.’

కుర్రాడు నా మొహం చూసి, తర్వాత ఫోన్ చేస్తానని బస్సెక్కాడు. అప్పటికే బండి కిందికి దూరిన షెడ్డు పిల్లవాడు పానా అడుగుతున్నాడు. ‘ఎలాగూ వచ్చారు కదా’ అన్నాడు మేస్త్రీ, ముందు చక్రం నట్లు వదులు చేస్తూ.