పాట రాసిందెవరో చెప్పరేం?

మా రోజుల్లో ఏ పాట హిట్టయిందో ఎవరినీ అడగనక్కర్లేదు. విజయవాడ భవానీపురంలో ఇల్లు దాటి చిట్టినగర్ దాకా నడిస్తే తెలిసిపోయేది. కిళ్లీకొట్టు రేడియోలో అదే, పెళ్లిపందిట్లో మైకుసెట్టులో అదే, రిక్షా తొక్కే మనిషి నోట్లోనూ అదే.

1980లో ‘శంకరాభరణం’ వచ్చినప్పుడు చూడాలి! సదాశివ బ్రహ్మేంద్రుల సంస్కృత కీర్తనను సంగీతం ఓనమాలు రానివాళ్లు కూడా కూనిరాగం తీశారు. మహాదేవన్‌కీ, బాలుకీ, వాణీజయరాంకీ జాతీయ అవార్డులొచ్చాయి. మహాదేవన్ మాతృభాష తెలుగు కాదు. అయినా ముందు సాహిత్యం చేతికిస్తేనే బాణీ కట్టేవారు. అందుకే ఆయన పాటలో మాట నలగదు. క్లాసు పాటలే గొప్పవని నేననను. 1977లో ‘అడవి రాముడు’కి హాలు ఊగిపోయే పాటలిచ్చింది కూడా ఆ మహాదేవనే, వాటిని రాసింది వేటూరి. మోపిదేవి దగ్గర పెదకళ్లేపల్లి మనిషి వేటూరి, మన జిల్లావాడని ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్లమో!

ఆ పేర్లు మాకెలా తెలిశాయి? రేడియో చెప్పింది. 1948 డిసెంబరులో మొదలైన మన విజయవాడ కేంద్రం ఎన్ని పేర్లు మాకు నేర్పిందని! పాట వేసే ముందు సినిమా పేరు, రచయిత, సంగీతం, పాడినవాళ్లు అన్నీ వరసగా చెప్పేవారు. జనరంజని వినీ వినీ, బడి గడప తొక్కనివాళ్లు కూడా ఇది ఆత్రేయ, ఇది ఆరుద్ర, ఇది దాశరథి అని పోల్చుకునేవాళ్లు. హాలు బయట పాటల పుస్తకం కొంటే పాట కింద కవి పేరుండేది. అందులో సినిమా కథ సగంలో ఆపి, శేషం వెండితెర మీద చూడమనేవారు. ఆ పుస్తకాలు బీరువాలో దాచుకున్నాం.

ఇప్పుడు మనవడు ఫోను చూపించి, “తాతయ్యా, ఒక్క రోజులో కోటి వ్యూస్!” అంటాడు. రాసిందెవర్రా అంటే నోరు తెరుస్తాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఇక ఆ కోటి లెక్క సంగతి. జపానులో 1968 నుంచి ఒరికాన్ అనే సంస్థ వాళ్లు అమ్ముడైన రికార్డులు లెక్కగడుతున్నారు. 1976లో అక్కడ చేప ఆకారపు తీపిరొట్టె మీద పాడిన పిల్లల పాట 45 లక్షల పైచిలుకు అమ్ముడైంది. జేబులో డబ్బు తీసి కొన్నారంటే ఆ లెక్కకో విలువుంది. వేలితో తోసేస్తూ అర నిమిషం విన్న పాటకి కోటి అంటే నేను నమ్మను. వచ్చే పండక్కి ఆ పాట ఎవరి నోటనైనా ఉంటుందా?

రచయిత పేరు వెతికితే ఏ మూలనో దొరుకుతుందట. వెతకడం దేనికి? పాటకి ముందు గొంతు విప్పి చెప్పాలి. ఎఫ్.ఎం. వాళ్లు పాటకీ పాటకీ మధ్య అంతసేపు కబుర్లు చెబుతారు కదా, ఆ నాలుగు పేర్లు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?