అప్‌గ్రేడు మీమాంస

దొంగతనానికి చోరశాస్త్రం ఉంది. బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో చెప్పే శాస్త్రం ఏటేటా పంచాంగంలో అచ్చవుతూనే ఉంది. గేమింగు పీసీలో గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడు మార్చాలి, ప్రాసెసరు ఎప్పుడు మార్చాలి, మార్చిన సంగతి ఇంట్లో ఎప్పుడు చెప్పాలి అన్న మూడు మహాప్రశ్నలకు మాత్రం తెలుగులో ఒక్క గ్రంథమూ లేదు. ఈ లోటు తీర్చడానికి టెక్సస్ రాష్ట్రం, ఫ్రిస్కో అగ్రహారవాసినైన నేను పూనుకున్నాను. నా అర్హతలు: పద్దెనిమిదేళ్ల అనుభవం, గరాజులో దాచిన పదకొండు ఖాళీ అట్టపెట్టెలు, నాలుగు పిన్నులు వంగిన ప్రాసెసరు ఒకటి.

ప్రథమ సూత్రం: ఉన్నది చాలదు, చాలేది ఇంకా రాలేదు.

భాష్యం. 'చాలదు' అన్న మాట దగ్గరే పూర్వపక్షం లేస్తుంది. పూర్వపక్షి మా ఆవిడ. "రాత్రి దాకా బాగానే ఆడుకున్నారుగా, తెల్లారేసరికి ఏమొచ్చిందండీ దానికి?" అని ఆక్షేపణ. సిద్ధాంతి సమాధానం: దానికేమీ రాలేదు, బజార్లోకి కొత్తది వచ్చింది. పక్కింటివాళ్లు సోఫా మార్చిన రోజునే మన సోఫా కుంగినట్టు కనపడుతుంది కదా, అలాగే. దీనికి పూర్వపక్షి, "మన సోఫా ఆరేళ్ల నుంచీ కుంగే ఉంది" అన్నది. ఈ వాదం ప్రస్తుతానికి అప్రస్తుతం కనుక వదిలేస్తున్నాం.

ఇక ఉత్పత్తి ప్రకరణం. 1993లో ముగ్గురు ఇంజినీర్లు, జెన్సన్ హువాంగ్, క్రిస్ మలకోవ్‌స్కీ, కర్టిస్ ప్రీమ్, శాన్ హోసేలో డెన్నీస్ అనే టిఫిను హోటల్లో కూర్చుని ఎన్‌విడియా కంపెనీ పెడదామనుకున్నారు. మనవైపు కాఫీ హోటళ్లలో కూర్చున్న ముగ్గురు సాధారణంగా సినిమా తీద్దామనుకుంటారు. 1999లో ఆ కంపెనీ జీఫోర్స్ 256ను ప్రపంచంలోనే మొదటి జీపీయూ అని చాటుకుని అమ్మింది. అప్పటి నుంచి ఈ వంశంలో ఏడాదికో రెండేళ్లకో ఒక సంతానం. 2017లో 1080 టీఐ, ధర 699 డాలర్లు. 2020 సెప్టెంబరులో 3080, కాగితం మీద అదీ 699 డాలర్లే. కాగితం మీద అని ఎందుకన్నానంటే, ఆ ఏడాది నామం ఉండేది, రూపం కనపడేది కాదు. కరోనాతో జనమంతా ఇళ్లలో కూర్చుని ఆటలకు దిగారు, చిప్పులు దొరకలేదు, దొరికిన కార్డుల్ని ఈథీరియం క్రిప్టో నాణేలు తవ్వేవాళ్లు గంపగుత్తగా ఎత్తుకుపోయారు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం తవ్వకమే అక్కర్లేని పద్ధతికి మారాక ఆ కార్డుల్లో చాలా సెకండ్ హ్యాండు బజారులోకి దిగాయి. 2025 జనవరి 30న 5090 వచ్చినప్పుడు ధర 1999 డాలర్లు. దానికోసం కాలిఫోర్నియాలోని టస్టిన్‌లో మైక్రో సెంటర్ దుకాణం ముందు జనం గుడారాలు వేసుకుని పడుకున్నారు. తిరుమల కంపార్టుమెంట్లలోనైతే వేడి పాలు పోస్తారు, ఉప్మా పెడతారు. ఇక్కడ ఆ ఆచారం లేదు.

ఆచార్య పరంపరలో మనవాడు ఒకడున్నాడు. రాజా కోడూరి, కొవ్వూరులో పుట్టినవాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్. ఆ తర్వాత ఏటీఐ, ఆపిల్, ఏఎండీ, ఇంటెల్, అంటే ఎన్‌విడియా తప్ప ఈ రంగంలో ఉన్న పెద్ద మఠాలన్నిటా కొలువు చేశాడు. 2017 ఆగస్టులో ఆయన ఏఎండీ గ్రాఫిక్స్ పీఠం మీద ఉండగా వేగా 64 వెలువడింది, 499 డాలర్లు. గోదావరి నీళ్లు తాగినవాడి కార్డు కొనడం తెలుగువాడిగా నా ధర్మమని ఇంట్లో ప్రతిపాదించాను. "ఆత్రేయపురం పూతరేకులు కూడా గోదావరి నీళ్లవేగా. పది డాలర్లలో పోతుంది ధర్మం" అని పూర్వపక్షి. చివరికి 1080 టీఐ కొన్నాను. బెంచిమార్కు ముందు దేశభక్తి నిలవలేదు.

బెంచిమార్కు అంటే స్థాలీపులాక న్యాయం. ఒక మెతుకు పట్టుకుని కుండెడన్నం ఉడికిందని చెప్పడం. ఆ మెతుకు పట్టుకున్నవాడు మనం ఎప్పుడూ ఆడని ఆట ఆడి, మనం ఎప్పుడూ కొనని మానిటరు మీద చూసి చెబుతాడు. అయినా నమ్ముతాం.

ద్వితీయ సూత్రం: గుడ్డివాడి కాళ్లు బాగుపడితే కుంటివాడి గొంతు చాలదు.

ఈ శాస్త్రానికి గుండెకాయ ఇదే. ప్రాసెసరుకూ కార్డుకూ ఉన్న సంబంధం అంధపంగు న్యాయం. ప్రాసెసరు కుంటివాడు. ఆటలో ఎవడు ఎక్కడున్నాడు, గుండు ఎటు పోయింది, తలుపు తెరిచి ఉందా లేదా అన్నీ వాడికి తెలుసు, బొమ్మ మాత్రం గీయలేడు. కార్డు గుడ్డివాడు. లక్షల చుక్కలు క్షణంలో గీస్తాడు, ఏం గీయాలో ఒకడు చెప్పాలి. మీరు కొత్త కార్డు కొన్నారంటే గుడ్డివాడికి రేసుగుర్రం కాళ్లు పెట్టినట్టు. భుజం మీద కుంటివాడు పాత గొంతుతోనే "ఎడమకు, కుడికి" అంటూ ఉంటాడు. గుడ్డివాడు నాలుగడుగులు వేసి నిలబడి, చెప్పింది అయిపోయింది, తర్వాతేమిటి అని అడుగుతాడు. తెర మీద కార్డు వాడకం 99 శాతం చూపిస్తే లోపం కార్డుది. 60 దగ్గరే ఆగిపోయి ఫ్రేములు పెరగకపోతే, చాలావరకు, లోపం ప్రాసెసరుది. జీన్ ఆమ్డాల్ అనే ఆయన 1967లోనే చెప్పాడు, పనిలో ఒక భాగాన్ని ఎంత వేగం చేసినా మిగతా భాగం పట్టి లాగుతుందని. ఆయన పెద్ద పెద్ద కంప్యూటర్ల గురించి చెప్పాడు. మాకు ఉమ్మడి కుటుంబాల నుంచే ఆ సంగతి తెలుసు.

ప్రాసెసరు మార్చకుండా దీనికో చిట్కా ఉంది. తెర రిజల్యూషను 4కెకి పెంచేస్తే బరువంతా కార్డు మీద పడి ప్రాసెసరు నిర్దోషి అయిపోతుంది. అయితే 4కె మానిటరు కొనాలి. కొన్నాక కార్డు చాలదు. ఇది అన్యోన్యాశ్రయ దోషం.

దోషం అక్కడితో ఆగితే బాగుండేది. ప్రాసెసరు మారిస్తే సాకెట్టు వేరు కనుక మదర్‌బోర్డు మారాలి. బోర్డు మారితే డీడీఆర్4 ర్యాము పనికిరాదు, డీడీఆర్5 కావాలి. కార్డు మారిస్తే పవర్ సప్లయి చాలదు. పవర్ సప్లయి మార్చాక కార్డు కేబినెట్లో పట్టదు. ఎన్‌విడియా సొంత 4090 పొడవు 304 మిల్లీమీటర్లు, స్కేలు పెట్టి కొలిస్తే దాదాపు అడుగు. గోచీ కాపాడుకోవడానికి పిల్లిని పెంచి, పిల్లి పాలకు ఆవును తెచ్చి, ఆవును చూసుకోవడానికి పెళ్లి చేసుకున్న సన్యాసి కథ మీకు తెలుసు. మా విషయంలో పెళ్లి ముందే అయింది కనుక కథ ఇంకా క్లిష్టం.

అందులో విద్యుత్ ప్రకరణం ఒకటి. అమెరికా ఇళ్లలో పడకగదికి వచ్చేది మామూలుగా 120 వోల్టులు, 15 ఆంపియర్లు. గుణిస్తే 1800 వాట్లు. నా 5080 ఒక్కటే 360 లాగుతుంది, ప్రాసెసరూ మానిటరూ కలిపి ఇంకో 200. అదే గదిలో మా ఆవిడ 1500 వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టింది. నేను ఆన్‌లైనులో చివరి రౌండులో ఉన్నాను. కాసేపటికి గరాజులో బ్రేకరు టక్కుమంది. సగం ఇస్త్రీ అయిన పట్టుచీర, సగం గెలిచిన ఆట. ఎవరి నష్టం ఎక్కువ అన్న విచారణలో నా వాదం నిలవలేదు.

ఇప్పుడు కాలమానం. సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము వయసు 16.7 మిల్లీసెకన్లు. 144 అయితే 6.9. అంటే దాదాపు 10 మిల్లీసెకన్లు మిగిలాయి, ఇది కంటికి తెలుస్తుంది, ఒప్పుకుంటాను. 240కి పోతే 4.2, మిగిలింది మూడు కూడా లేదు. ఖర్చు మాత్రం రెండోసారే ఎక్కువ. మన పూర్వులు రెప్పపాటును నిమేషం అన్నారు. ఎంత చురుకైన రెప్పకైనా 100 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఒక్క రెప్పపాటులో 240 ఫ్రేముల కార్డు గీసినవాటిలో 24 వృథా. కొన్న సరుకంతా పూర్తిగా అనుభవించగలిగేది రెప్ప వేయని అనిమిషులు, అంటే దేవతలు మాత్రమే. వాళ్లకు క్రెడిట్ కార్డు బిల్లు కూడా రాదు.

పైగా ఆ ఫ్రేములన్నీ నిజమా అంటే అదీ కాదు. 50 సిరీస్ కార్డులు ఒక్కో ఫ్రేము గీసి, దానికి తోడు మూడింటిని ఏఐతో ఊహించి పెట్టగలవు. నాలుగింట ఒకటి సత్యం, మూడు మిథ్య. 2025 జనవరిలో లాస్ వేగస్ సభలో 549 డాలర్ల 5070 పనితనంలో 4090తో సమానమని హువాంగ్ ప్రకటించింది ఈ మిథ్యను కూడా లెక్కలో వేసుకునే. శంకరాచార్యులవారు మాయను దాటమన్నారు. మేం దాన్ని సెట్టింగ్సులో ఆన్ చేస్తాం.

ప్రయోగ విధి గురించి ఒక్కమాట. కొత్త కారైతే మా ఊరి కార్యసిద్ధి హనుమాన్ గుడికి తీసుకెళ్లి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిస్తాం. కార్డుకు కుంకుమబొట్టు చాలు, అదీ పెట్టె మీద. ప్రాసెసరు మార్పు అంత తేలిక కాదు. కూలరుకూ ప్రాసెసరుకూ మధ్య పెసరగింజంత పేస్టు ఉంటుంది, ఏళ్లు గడిస్తే ఎండి లక్క అవుతుంది. విప్పే ముందు అరగంట ఆట నడిపి వేడెక్కించాలి, తర్వాత మూత తీసినట్టు అటూ ఇటూ తిప్పాలి, అప్పుడు లేపాలి. నేను చల్లగా ఉన్నప్పుడే నిటారుగా లాగాను. చేమదుంప వేళ్లతో సహా వచ్చినట్టు కూలరుతో పాటు ప్రాసెసరూ ఊడి వచ్చేసింది. తిరగేసి చూస్తే వెయ్యి పైచిలుకు బంగారు పిన్నులు, అప్పుడే నాటేసిన వరిమడిలా వరసలు. గట్టువైపు మూలన నాలుగు మొక్కలు ఒరిగి ఉన్నాయి. ములుకు తీసేసిన మెకానికల్ పెన్సిలు మొన అందులో దూర్చి, ఊపిరి బిగబట్టి ఒక్కో మొక్కనూ నిలబెట్టాను. నలభై నిమిషాలు. మూడు నిలబడ్డాయి. నాలుగోది విరిగింది. అది ఏ పని చేసేదో గానీ అది లేకుండా యంత్రం లేవలేదు.

చివరిది వారస ప్రకరణం. అప్‌గ్రేడు అంటే కొత్తది రావడమని లోకం అనుకుంటుంది. శాస్త్రదృష్టిలో అది పాతది కదలడం. మా ఊళ్లలో తండ్రి కార్డు కొడుక్కి పోతుంది, కొడుకుది రిచర్డ్‌సన్‌లో నలుగురు కలిసి అపార్టుమెంటులో ఉండే ఎమ్మెస్ కుర్రాళ్లకు, అక్కడి నుంచి ఎవరో ఇండియా వెళ్లేవాళ్ల సూట్‌కేసులోకి. మా 3080 మావాడికి వచ్చింది. వాడు దాని మీద మైన్‌క్రాఫ్ట్ ఆడతాడు, దాని గురించి నేను మాట్లాడదలచుకోలేదు. 1080 టీఐని మొన్న డిసెంబరులో తువాలులో చుట్టి, చాక్లెట్ పాకెట్ల మధ్య కూరి, తెనాలిలో మా అక్క కొడుక్కి ఇచ్చి వచ్చాను. తిరుగు ప్రయాణంలో అది ఖాళీ చేసిన చోట రెండు కిలోల గోంగూర పచ్చడి సరిగ్గా అమరింది.

ఈ ఆదివారం పొద్దున్నే వాడి ఫోను.

"మావయ్యా, కార్డు అదిరింది. కానీ దీనికి రెండు వైర్లు పెట్టాలట. మా దాంట్లో ఒక్కటే ఉంది."

"సప్లయి ఎంతరా?"

"450 వాట్లు. షాపువాడు కనీసం 600 ఉండాలంటున్నాడు. ప్రాసెసరు కూడా దీనికి సరిపోదంటున్నాడు మావయ్యా."

చూద్దాంలేరా అని పెట్టేశాను. నా దగ్గరున్నది 850 వాట్లది. అది వాడికి ఇచ్చేస్తే, ఎలాగూ కొత్తది కొనాలి కాబట్టి, 1000 వాట్లది కొనడం ఉత్తమం. 5090కి ఎన్‌విడియా వాళ్లు అడిగేది కూడా సరిగ్గా 1000 వాట్లే. పూర్వపక్షి ఇంకా నిద్ర లేవలేదు.