డిక్కీ అదరకుండా అభిప్రాయం చెప్పకండి

"బీట్లు అదిరాయి, లిరిక్సే తేలిపోయాయి" అని ఎవరైనా అంటే వెంటనే అడగండి: ఎక్కడ విన్నావు? ఫోన్‌లో అంటే చర్చ అక్కడితో ఆపేయండి. ల్యాప్‌టాప్‌లో అన్నా అంతే. చదువుకున్నవాడైనా, సంగీతం నేర్చినవాడైనా, వయసులో పెద్దవాడైనా సరే మినహాయింపు ఇవ్వకండి. అమెరికా దక్షిణాది ర్యాప్ ఆల్బమ్ మీద నోరు విప్పే అర్హత కారు డిక్కీలో ఉన్న సబ్‌వూఫర్ నుంచే వస్తుంది.

యూజీకే జంట 1996 జూలైలో తెచ్చిన 'రైడిన్ డర్టీ'నే తీసుకోండి. టెక్సస్ తూర్పు కొసన, లూసియానాకి ఆనుకుని, చమురు శుద్ధి కర్మాగారాల మధ్య ఉండే పోర్ట్ ఆర్థర్ వాళ్ల ఊరు. ఆ ఇద్దరిలో ఒకడైన పింప్ సీ తండ్రి ట్రంపెట్ వాయించేవాడు. కొడుకు బడి గాయక బృందంలో పాడాడు, బాణీలు కట్టడం నేర్చాడు. తమది హిప్‌హాప్ కాదు, 'కంట్రీ ర్యాప్ ట్యూన్స్' అని పట్టుబట్టి చెప్పేవాడు. రెండోవాడు బన్ బీ, మాట మీద మాట పేర్చుకుంటూ పోయే మనిషి. ఆ ఆల్బమ్ నుంచి ఒక్క సింగిల్ విడుదల కాలేదు, ఒక్క వీడియో రాలేదు. అయినా బిల్‌బోర్డ్ 200లో 15వ స్థానానికి ఎక్కింది, గోల్డ్ గుర్తింపు తెచ్చుకుంది. టీవీలో కనపడని పాటలు అంతమందికి చేరాయంటే, వాటిని మోసినవి కార్లే అని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే కారులోనే తీర్పు చెప్పాలంటున్నాను.

మొదటి పదిసార్లు మాటలు అర్థం చేసుకునే ప్రయత్నం చెయ్యకండి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఇరవైసార్లు ఆగాలి, ఎందుకంటే వాళ్ల చెవి అర్థం వెంట పరుగెత్తుతుంది. లిరిక్స్ అచ్చేసిన కాగితం ఇంట్లో ఉంటే చింపేయండి. మనం పాటను సాహిత్యంతో తూచే అలవాటులో పెరిగాం. వేటూరి ఏమన్నారు, సిరివెన్నెల ఏమన్నారు అన్నాకే ట్యూను గుర్తొస్తుంది మనకి. ఆ తూకపురాయిని టెక్సస్ దాకా మోసుకెళ్లకండి. 'మర్డర్' పాటలో బన్ బీ వంతు కాగితం మీద చదివినవాళ్లు "గొప్పలు తప్ప ఏముంది?" అంటారు. నిజమే, గొప్పలే. కానీ కారులో వింటే అతని అక్షరాలు డ్రమ్ము దెబ్బల సందుల్లో పడుతూ రెండో డ్రమ్ములా వినిపిస్తాయి. అక్కడ నోరు కూడా వాయిద్యమే. దాన్ని చదవడమేమిటి?

ఇదే కారణంతో, 'వన్ డే' పాట ఒక్కదాన్నే మెచ్చుకునేవాళ్ల మాట నమ్మకండి. ఐస్లీ బ్రదర్స్ నెమ్మది బాణీ మీద కట్టిన పాట అది. చావు గురించి, జైలు గురించి మాట్లాడుతుంది, దుఃఖం తిన్నగా తగులుతుంది. అది అందరికీ నచ్చుతుంది, అందుకే పరీక్షగా పనికిరాదు. కొత్తగా వినేవాళ్లకి పింప్ సీ 2007 డిసెంబరులో 33 ఏళ్లకే చనిపోయాడని ముందే చెప్పకండి. జాలి కలిసిందంటే ఆ మార్కులు చెల్లవు. బన్ బీ 2011లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడన్న సంగతి కూడా దాచిపెట్టండి. విశ్వవిద్యాలయం పేరు వినగానే లిరిక్స్‌లో లోతు కనపడే మనుషులు చాలామంది ఉన్నారు.

ఇక కారు విషయం. ఏసీ ఆపేయండి. ఆ ఫ్యాను హోరు కింది స్వరాలను మింగేస్తుంది. అద్దాలు పైకెత్తండి. ఉక్కపోస్తుంది, పొయ్యనివ్వండి. హ్యూస్టన్ వేసవి ఎలా ఉంటుందో విశాఖ వాళ్లకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. దక్షిణాది ర్యాప్‌కి ప్రాణం పోసిన రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ 1980లో వచ్చింది, మూడేళ్లకే తయారీ ఆగిపోయింది. దాని కిక్ దెబ్బ 50 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలై సాగుతూ పోతుంది. అంత కిందికి దిగడం ఫోన్ స్పీకరు వల్ల కాదు. ఫోన్‌లో విన్నవాళ్లు ఆ దెబ్బ నీడను మాత్రమే విని బీటు పల్చగా ఉందంటారు. నంబరు ప్లేటు గలగలలాడటం మొదలైతే స్క్రూలు బిగించకండి. ఆ గలగల కూడా పాటలో భాగమే. మెకానిక్ అడక్కుండానే బిగించేస్తే మళ్లీ వదులు చేయించండి.

పాట బోరు కొడితే దాటెయ్యడం పెద్ద తప్పు. స్పీడు ఇంకా తగ్గించండి. హ్యూస్టన్‌లో డీజే స్క్రూ చేసిన పని అదే. రికార్డులను నెమ్మది చేసి, క్యాసెట్ల మీద క్యాసెట్లు నింపి, ఊరంతటి చెవినీ మార్చేశాడు. నెమ్మదించాక కూడా బోరు కొడితే ఇంకాస్త తగ్గించండి. ఆల్బమ్ మధ్యమధ్య జైల్లోంచి ఒక మిత్రుడు మాట్లాడే ముక్కలు వస్తాయి, వాటినీ దాటెయ్యకండి.

అన్నిటికంటే విలువైన అభిప్రాయం గోడ అవతలి మనిషిది. పక్కింటి పిన్నిగారు కోపంగా వచ్చి తలుపు కొడితే సౌండు తగ్గించకండి, కూర్చోబెట్టి అడగండి. "ఏ పాట దగ్గర మీ గిన్నెలు కదిలాయండీ?" ఆవిడకి ఒక్క మాట కూడా వినపడి ఉండదు. పింప్ సీ ఎవరో, పోర్ట్ ఆర్థర్ ఎక్కడుందో తెలియదు. గోడ దాటి వచ్చిన బాస్ ఒక్కటే ఆవిడ విన్నది. బీటు గురించి పత్రికల్లో రాసేవాళ్లకి ఎవరికీ లేని స్వచ్ఛత అది. ఆవిడ చెప్పిన పాట పేరు రాసిపెట్టుకోండి.

ఈ ఆల్బమ్‌లో ఆడవాళ్ల గురించి వాడిన మాటలను నేను సమర్థించను. పిల్లలు కారులో ఉంటే పెట్టకండి. ఆ విమర్శ న్యాయమైనది, దాన్ని గట్టిగానే చెయ్యండి. కానీ దాన్ని "లిరిక్స్ తేలిపోయాయి" అన్న దానితో కలిపేయకండి.

అట్లాంటా వాళ్లకీ ఇదే పద్ధతి. 1995లో న్యూయార్క్‌లో 'సోర్స్' పత్రిక అవార్డుల వేదిక మీద అట్లాంటా జంట ఔట్‌క్యాస్ట్‌ని జనం గేలి చేశారు. ఆ హాల్లో కార్లు లేవు, నాకు తెలిసినంతలో అసలు కారణం అదే. మూడేళ్ల తర్వాత వచ్చిన వాళ్ల ఆల్బమ్ 'అక్వెమినై'కి అదే పత్రిక అయిదుకి అయిదు మైకులూ ఇచ్చింది. అందులో 'రోజా పార్క్స్' పాటలో మౌత్ ఆర్గన్ వాయించినాయన ఆ జంటలో ఒకడైన ఆంద్రేకి సవతి తండ్రి, చర్చి పాస్టరు. ఆ ముక్క దగ్గర ఎవరైనా లిరిక్స్ ఏమిటని అడిగితే కారు ఆపి దించెయ్యండి.

సొంత కారు లేనివాళ్లు నిరాశపడొద్దు. పెళ్లి ఊరేగింపులకి డీజే బండ్లు అద్దెకిచ్చేవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వాళ్ల బేస్ బాక్సుల ముందు ఏ కారూ నిలవదు. ముహూర్తాలు లేని నెలలో వెళితే బేరం కుదురుతుంది. పెన్‌డ్రైవ్ మీదే తీసుకెళ్లండి, వాట్సాప్‌లో వచ్చిన ఫైళ్లు పెట్టకండి. రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకరు పెట్టనివ్వరు కాబట్టి సాయంత్రం 6కే మొదలెట్టండి. 'రైడిన్ డర్టీ' గంట పైచిలుకు ఉంటుంది. రెండుసార్లు పూర్తిగా విన్నా, లిరిక్స్ బాగాలేవన్న మిత్రుణ్ణి బాక్సుకి ఎదురుగా నిలబెట్టి మళ్లీ అడగడానికి టైము మిగులుతుంది.