గాలికి లైసెన్సు

కావలిలో ఎవరైనా వ్యాపారం పెట్టామంటే ఎదుటివాళ్ల మొదటి ప్రశ్న ఒకటే: "షాపెక్కడ? ట్రంకు రోడ్డా, ఉదయగిరి రోడ్డా?"

మాకు షాపు లేదు. మా సరుకు చుట్టచుట్టి, తాళ్లు బిగించి, ఇంటి వరండాలో స్కూటరు నిలిపే చోట పడి ఉంటుంది. పుట్టినరోజు ఎక్కడుంటే అక్కడికి టాటా ఏస్ ఎక్కిపోతుంది. బ్లోయరు తగిలించి స్విచ్ వేస్తే ఐదారు నిమిషాల్లో పదిహేనడుగుల కోట లేచి నిలబడుతుంది. పిల్లలు జంపింగ్ చేస్తారు. స్విచ్ ఆపితే కోట కూలిపోతుంది, పెద్దవాళ్లు రేటు తగ్గించమని బేరం మొదలుపెడతారు. ఇంతే వ్యాపారం.

ఈ ఐడియా మా బావమరిదిది. నెల్లూరు ఎగ్జిబిషన్లో పిల్లల క్యూ చూసి వచ్చి, "పెట్టుబడేముంది బావా, లోపలుండేది గాలే గదా" అన్నాడు. నిజమే, గాలి ఊరికే వస్తుంది. దాన్ని అద్దెకివ్వాలంటేనే ఆధార్, పాన్, ఇంటి పన్ను రసీదు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు కావాలి.

ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్. 2020 జులై 1న వచ్చిన ఏర్పాటు ఇది. ఆధార్, పాన్ నంబర్లు ఉంటే చాలు, ప్రభుత్వానికి పైసా కట్టక్కర్లేదు. అయితే చేసేది ఏ వ్యాపారమో చెప్పడానికి పేరు చాలదు, ఎన్ఐసీ కోడ్ కావాలి. వెతగ్గా వెతగ్గా 7721 తగిలింది: వినోదానికీ ఆటలకూ పనికొచ్చే వస్తువులు అద్దెకిచ్చేవాళ్లు. ఈ వర్గంలో మనకు తోడు ఎవరయ్యా అంటే పడవలు, సైకిళ్లు, బీచిలో వేసుకునే కుర్చీలు, మంచు మీద జారే స్కీలు అద్దెకిచ్చేవాళ్లు. మే నెల కావలిలో స్కీలవాళ్ల పక్కన కూర్చున్నందుకు మా బావమరిది ఎంత మురిసిపోయాడంటే, విజిటింగ్ కార్డు మీద ఆ కోడ్ కూడా వేయిద్దామన్నాడు.

కోడ్ దొరికింది గానీ, మిగతా ఫారాల్లో మాకు గది దొరకలేదు. ఒకచోట కౌంటరులో పెద్దాయన, చాలా మంచి మనిషి, కళ్లద్దాలు పైకి తోసుకుని నిజంగానే సాయం చేద్దామని కూర్చున్నాడు.

"వ్యాపారస్థలం ఎన్ని చదరపు అడుగులు?"

"కరెంటు ఉన్నప్పుడా సార్, లేనప్పుడా?"

ఆయన పెన్ను కింద పెట్టాడు. నేను ఎగతాళి చేయలేదు. కరెంటు ఉంటే రెండొందల ఇరవై అయిదు, లేకపోతే స్కూటరంత. ఎంత రాస్తే అంతకు ఫీజు కట్టాలి గదా!

"మోటారుందా?"

"బ్లోయరుంది సార్. రెండు హార్స్‌పవర్."

"మోటారుందంటే మరి పిండిమర వరసలోకి పోతుందే!" అని ఆయనే బాధపడ్డాడు. పక్క సీటాయన "షామియానా సప్లయర్సులో రాయండన్నా" అన్నాడు. ఇంకొకాయన "సర్కస్ కాలమ్ ఉందేమో చూడు" అన్నాడు. చివరికి సప్లయర్సే ఖాయమైంది. ఆ లెక్కన మేము కుర్చీలు, వంటపాత్రలు ఇచ్చేవాళ్ల కులంలో చేరాం. మాకూ అభ్యంతరం లేదు. పెళ్లివాళ్లు పాతిక కుర్చీలు అడిగితే మాత్రం ఇబ్బంది.

షాపులు, సంస్థల చట్టం మనకు 1988 నుంచీ ఉంది. దాని కింద నమోదు చేయిస్తే వారపు సెలవేదో రాయాలి. ఊళ్లో సగం మందికి ఆదివారం. మాకు ఆదివారమే సంపాదన, ఎందుకంటే బుధవారం పుట్టిన పిల్లాడికి కూడా కేకు ఆదివారమే కోస్తున్నారు. మంగళవారం ఎవరూ శుభకార్యం పెట్టుకోరు గనక అదే రాశాం. జీఎస్టీ సంగతి అడిగితే ఆడిటరు నవ్వాడు. సేవల వ్యాపారానికి ఏడాది రాబడి 20 లక్షలు దాటాకే ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరట. మా బావమరిది మాత్రం నవ్వలేదు. "దాటితే?" అన్నాడు. వాడి నమ్మకానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

ఊళ్లో ఎవరికీ తట్టని పర్మిషన్ ఒకటుంది, బొమ్మది. కోట నెత్తిన రెండు గుండ్రటి చెవుల ఎలుక ఉంటే దాని సొంతదారు అమెరికాలో ఉంటాడు. మాకా భయం లేదు. మా కోట మీద బొమ్మ వేసిన కళాకారుడు ఎవరోగానీ, దాన్ని కొందరు పిల్లలు కుందేలంటారు, కొందరు పందికొక్కంటారు. వాల్ట్ డిస్నీ స్వయంగా దిగివచ్చి చూసినా, ఇది మాది కాదని ప్రమాణం చేసి పోతాడు.

కరెంటు కథ వేరు. ఈ కోటలో గాలి నింపి మూత బిగించడం ఉండదు. కుట్ల సందుల్లోంచి బుస్సుమని పోతూనే ఉంటుంది, బ్లోయరు తోస్తూనే ఉండాలి. చెయ్యి పెడితే కుట్టు వెంట సన్నగా చల్లగాలి తగులుతుంది. కొత్తగా చూసిన ప్రతి తండ్రీ "చిల్లు పడింది" అని అరుస్తాడు. కరెంటు పోతే ముందు కుందేలు చెవులు వాలతాయి, తర్వాత బురుజులు. అప్పటికి మేం పిల్లల్ని బయటికి లాగేసి ఉండాలి. అందుకే జనరేటరు. "డీజిలు దండగ, స్తంభానికి కొక్కెం తగిలిద్దాం, మా వీధిలో అందరూ అంతే" అంటారు కొందరు. 2003 విద్యుత్తు చట్టం 135వ సెక్షన్ ప్రకారం కరెంటు దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు. ఎగిరేది వాళ్ల పిల్లలు, లోపలికి పోయేది నేను!

ఇన్ని ఫారాలు నింపాం. తండ్రి పేరు అడిగారు, ఫోను నంబరు అడిగారు, మోటారు అడిగారు. గాలి ఎంత వేగంతో వీస్తే దింపేస్తారు అని ఒక్క ఫారమూ అడగలేదు. అడగాల్సింది కావలిలోనే. 1989 నవంబరులో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టిన తుఫాను, 3వ తేదీన సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ ఓడను తిరగేసి 91 మందిని మింగి, భూమి దాటి, బంగాళాఖాతం అంతా ఈదుకుంటూ వచ్చి 8వ తేదీన దిగింది మన కావలి దగ్గరే. గాలి గంటకు 200 కిలోమీటర్లకు పైబడి. వాతావరణంవాళ్ల పుస్తకాల్లో దాని పేరే కావలి తుఫాను. మా ఊరి పేరు ప్రపంచానికి తెలిసిందే గాలి వల్ల. ఆ ఊళ్లో గాలి వ్యాపారానికి గాలి కాలమ్ లేదు!

యూరప్‌లో దీనికి ఈఎన్ 14960 అని ఒక ప్రమాణం ఉంది. ఆరుబయట గాలి గంటకు 38 కిలోమీటర్లు దాటితే కోట దింపేయాలి. కనీసం ఆరుచోట్ల నేలకు బిగించాలి. ఇది చాదస్తం కాదు. 2021 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో, డెవన్‌పోర్ట్ అనే ఊళ్లో, బడి ఆవరణలో వేసిన ఇట్టాంటి కోటను సుడిగాలి ఎత్తేసింది. ఆరుగురు పిల్లలు పోయారు. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆఫీసుకు పోయి "ఇంకో లైసెన్సు ఏమన్నా ఉంటే ఇవ్వండి సార్" అని అడిగిన మనిషిని కావలి చరిత్రలో నేనొక్కణ్ణేనేమో.

లేదన్నారు. సరే, మేమే పెట్టుకున్నాం. చేతిలో ఇమిడే గాలిమీటరు ఒకటి తెప్పించాం. మూరెడు పొడుగు ఇనప మేకులు, పెద్ద సుత్తి కొన్నాం. "మిద్దె మీద వెయ్యం, మేకు దిగని చోట వెయ్యం, 38 దాటితే దింపేస్తాం, దింపితే డబ్బులు వాపసు" అని కాయితం అచ్చేయించాం.

గిరాకీలు ఊరుకుంటారా? "ఎవరయ్యా పెట్టింది ఈ రూలు?" అని గొడవ. మేమే అంటే ఎవడూ లెక్కచెయ్యడు. యూరప్ అంటే కాస్త మెత్తబడతారు. చివరికి కాయితం అడుగున గుండ్రటి రబ్బరు స్టాంపు ఒకటి వేశాం, మా సంస్థ పేరే. అంతే, చదవకుండా సంతకాలు పెట్టేస్తున్నారు. మిద్దె మీదే వెయ్యాలని పట్టుబట్టిన ఒక పెద్దమనిషి ఆ ముద్ర చూసి, "గవర్నమెంటుది అని ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు.

మొన్న మా బావమరిది కూతురి పుట్టినరోజు. సొంత కోట, సొంత మనుషులు, కిరీటం పెట్టుకుని పాప రెడీ. సాయంత్రం సముద్రం వైపు నుంచి గాలి లేచింది. మీటరు పైకెత్తి చూస్తే 41. దింపెయ్యమన్నాను. పాప ఏడుపు. వాళ్లమ్మ నామీదికి వచ్చింది:

"అన్నయ్యా, ఊళ్లోవాళ్ల పిల్లలందరూ ఎగరొచ్చు, మా పిల్లకేనా రూలు?"

కాయితం చూపించాను. కింద స్టాంపు, స్టాంపు పక్కన వాళ్లాయన సంతకం. ఆమె మొగుడి వైపు తిరిగింది. వాడు చాలాసేపు ఆ కాయితాన్నే చదివి, నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"నాలుగో రూలు ప్రకారం డబ్బులు వాపసు ఇవ్వాలి గదా బావా?"

"ఇస్తాన్రా. ముందు నువ్వు కట్టు."