రాయలవారొచ్చినా పేజ్‌మేకరే

ఓపెన్ సోర్స్ పేరెత్తగానే బజారులో చిన్న వ్యాపారి మొహం చిట్లిస్తాడు. ‘ఊరికే వచ్చేదానికి గ్యారంటీ ఏముంటుందండీ?’ అని ఆయన నిలదీసేది పెన్‌డ్రైవ్‌లో దిగిన దొంగ విండోస్ ముందు కూర్చునే. దానికీ పైసా పెట్టలేదు కదా అంటే, ‘అది వేరండీ, అది పెద్ద కంపెనీది!’

ఇంతకీ ఈ ఉచిత సరుకుతో దుకాణం నడుస్తుందా? చాలావరకు నడుస్తుంది. కొటేషన్లు, రేట్ల పట్టిక, స్టాకు లెక్క, బ్యాంకుకు ఉత్తరం... 2010లో మొదలైన లిబ్రెఆఫీస్‌కు ఇవేమీ బరువు కావు. వీఎల్‌సీ ప్లేయరైతే ఎప్పుడో షాపులో చేరిపోయింది. దాన్ని గ్యారంటీ అడిగినవాడు లేడు.

తకరారు పద్దుల దగ్గర. మామూలు జమాఖర్చులకు గ్నూక్యాష్ చాలు గానీ, మన జీఎస్టీ రిటర్నుల గొడవ దానికి పట్టదు. ముంబయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్‌కు పడుతుంది. అయితే దాన్ని సర్వరు మీద నిలబెట్టి కనిపెట్టుకునే మనిషి కావాలి, ఆ మనిషి జీతం కన్నా టాలీ లైసెన్సే చవక. పైగా షాపులో ఏది వాడాలో తేల్చేది షాపాయన కాదు, ఆడిటరుగారు. ‘టాలీ బ్యాకప్ పంపించండి’ అని ఆయన ఫోన్ చేశాక ఇక చర్చేముంది?

అసలు వినోదం డీటీపీ సెంటర్లో ఉంది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001 నాటిది. యూనికోడ్ అంటే ఏమిటో దానికి తెలియదు. అయినా పెళ్లిపత్రిక నుంచి పెద్దకర్మ కార్డు దాకా అను ఫాంట్లతో అందులో కూర్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పెళ్లికొడుకు పేరున్న చోట పిచ్చి గుర్తులు వరసకడతాయి. అవతల అదే పనికి ఉచితంగా దొరికే స్క్రైబస్ కొత్త వెర్షన్లు తెలుగు ఒత్తులు బాగానే పేరుస్తున్నాయి, ప్రెస్సుకు కావలసిన సీఎంవైకే పీడీఎఫ్ కూడా ఇస్తున్నాయి. ఫాంట్లకూ కరువు లేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, వాళ్లతోపాటు సాక్షాత్తూ శ్రీకృష్ణదేవరాయలు: ఈ పేర్లన్నిటితో యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, వ్యాపారానికి వాడుకున్నా రూపాయి అడగరు. భువనవిజయం సగం గుమ్మంలో నిలబడినా ఆపరేటరు తల తిప్పడు.

మొండితనమంటే అన్యాయం. అలవాటైన కీబోర్డు మీదే ఆయన పూట గడుస్తోంది. పాత ఫైళ్లను మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులూ పొల్లులూ సరిచూసిన కూలి ఎవరిస్తారు?

‘పెళ్లిళ్ల సీజన్ అవనివ్వండి, మారదాం’ అంటాడు యజమాని. అది అయ్యేసరికి బడుల అడ్మిషన్ కరపత్రాలు, వాటి వెనకే వినాయకచవితి బ్యానర్లు.