ఉందో లేదో సారు

కన్నాలబస్తీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అంకెలు నిజంగా ఉన్నాయా, మనం అనుకుంటే ఉన్నాయా అన్నదాని మీద పీహెచ్‌డీ చేశాడని తెలిసిన నాటి నుంచి ఆయన ‘ఉందో లేదో సారు’. ఎమ్మెస్సీ లెక్కలు, ఆపైన ఎంఏ ఫిలాసఫీ, నెట్టు. పర్మనెంటు కొలువు మాత్రం లేదు. లెక్కల విభాగానికి పోతే “మీది ఫిలాసఫీ కదా” అంటారు, ఫిలాసఫీకి పోతే “మీది లెక్కలు కదా” అంటారు. రెండుచోట్లా గెస్ట్ ఫ్యాకల్టీయే, పీరియడుకు ఇంత అని జీతం. ఆ ‘ఇంత’ ఉందా లేదా అన్న అనుమానం మాత్రం ఆయనకు ఎన్నడూ రాలేదు.

దసరాకు బెల్లంపల్లిలో రైలు దిగడమే ఆలస్యం, “పిలగానికి ఎప్‌సెట్ లెక్కలు జెర చెప్పు సారూ” అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. చెబుతాడు. సమితి అంటే ఏమిటన్న దగ్గర మొదలుపెట్టి చీకటి పడేదాకా అక్కడే ఉంటాడు. మర్నాడు పిలగానికి కడుపునొప్పి.

తండ్రి సింగరేణి బొగ్గుబావి ల్యాంపు రూములో చేసి రిటైరయ్యాడు. ఓసారి మాటల్లో, “ల్యాంపు కొక్కెం ఖాళీగుంటె మనిషి ఇంక బాయిలనే ఉన్నట్టు” అన్నాడు. కొడుకు ఎగిరి గంతేశాడు.

“బాపూ, 1884ల ఫ్రేగె రాసింది గిదే! కొక్కేనికో మనిషి. అంకెతోని పనే లేదు!”

“అంకె చెప్పకుంటె ఓవర్‌మెన్ ఊకుంటడా?”

ఫ్రేగె పేరు నోట్లోకి వస్తే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. అంకగణితమంతా తర్కం మీద నిలబెడుతూ ఆ జర్మన్ గణితవేత్త రాసిన గ్రంథం రెండో సంపుటం అచ్చులో ఉంది. అప్పుడు, 1902లో, తర్కవేత్త రస్సెల్ నుంచి ఉత్తరం వచ్చింది. తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ ఒక సమితిగా కూడితే, అది తనలో ఉంటుందా? ఉందంటే లేదు, లేదంటే ఉంది.

“ఒక్క ఉత్తరంతోని కప్పు మొత్తం కూలింది బాపూ” అని సారు కళ్లు తుడుచుకున్నాడు.

కప్పు అనగానే ముసలాయన లేచి కూర్చున్నాడు. “ఎంతమంది పోయిండ్రు?”

“ఎవ్వలు పోలే.”

“దెబ్బలు?”

“లేవు.”

“ఆయన నౌకరి?”

“యేనా యూనివర్సిటీల ప్రొఫెసరు. రిటైరయ్యేదాంక చేసిండు.”

“కప్పు కూలగొట్టుకున్నోన్నే రిటైరయ్యేదాంక ఉంచుకున్నరు. నువ్వేం కూలగొట్టినవ్‌రా, నీకు పర్మనెంటు ఇస్తలేరు?”